ట్వేనా, కప్పింగ్, గువాషా, పాదాల మసాజ్: ఏ నొప్పికి ఎవరి దగ్గరికి వెళ్లాలి?

చైనాలో చదువుకుంటున్న మన పిల్లలు, షాంఘైలోనో షెన్‌జెన్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు, వాళ్లను చూసి రావడానికి వెళ్లే అమ్మానాన్నలు, అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సందేహం ఇది. నడుం పట్టేసింది, వీధి పొడుగునా మసాజ్ బోర్డులే కనబడుతున్నాయి, ఎక్కడికి వెళ్లినా ఒకటేనా? ఒకటి కాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ట్వేనా (చైనా సంప్రదాయ వైద్య మర్దన) విభాగం, చూపు లేనివాళ్లు నడిపే మసాజ్ కేంద్రం, పాదాలు ఒత్తే దుకాణం, వీపు మీద గాజు కప్పులు పెట్టే చోటు, ఎముకలు సరిచేసే వైద్యుడు, ఇవన్నీ ఒకే పేటలో ఉండొచ్చు. పైకి అన్నీ చేత్తో చేసే పనే. కానీ వాళ్లు నేర్చుకున్న చదువు వేరు, చేసే పని వేరు, తేడా వస్తే జరిగే నష్టం కూడా వేరు.

ఎవరు అడిగినా నేను చెప్పేది ఒక్కటే. పద్ధతి పేరు చూసి ఎంచుకోవద్దు. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, ఇంకేం జబ్బులున్నాయి అని చెయ్యి వేసే ముందే అడిగి, పరీక్ష చేసి, అవసరమైతే "ఇది నా పని కాదు, స్కాన్ తీయించుకుని రండి" అని చెప్పగలిగే మనిషి అక్కడ ఉన్నారో లేదో చూడండి. కింద చేసే పోలికంతా ఆ లెక్కనే సాగుతుంది.

ట్వేనా అంటే ఏం చేస్తారు?

చైనా సంప్రదాయ వైద్యంలో మూలికలు, సూదుల వైద్యం ఎలాగో ట్వేనా కూడా అలాంటి ఒక శాఖ. టాంగ్ రాజుల కాలంలోనే (618-907) రాజాస్థాన వైద్య సంస్థలో మర్దన నేర్పే గురువులు ఉండేవారు. అప్పట్లో దాన్ని అన్‌మో అనేవారు. ట్వేనా అనే పేరు ఆ తర్వాతి మింగ్ రాజుల కాలంలో, ముఖ్యంగా పసిపిల్లల వైద్యం ద్వారా వాడుకలోకి వచ్చింది. 1601లో వచ్చిన ఒక పెద్ద సూదుల వైద్య గ్రంథంలో పిల్లల మర్దన మీద విడిగా ఒక భాగమే ఉంది. ఆ తర్వాత చాలా కాలం అది కుటుంబాల్లో, గురుశిష్యుల మధ్య నడిచిన విద్య. 1950ల్లో షాంఘైలో శిక్షణ తరగతులు, వాటి వెంట ట్వేనా పాఠశాల మొదలయ్యాక అది బడి చదువయింది. ఇప్పుడు అక్కడి సంప్రదాయ వైద్య విశ్వవిద్యాలయాల్లో సూదుల వైద్యం, ట్వేనా కలిపి ఐదేళ్ల డిగ్రీగా చదువుతారు.

ఈ చదువులో చేతికిచ్చే శిక్షణ గురించి కొంచెం చెప్పాలి. మంచి చేతికీ మామూలు చేతికీ తేడా అక్కడే పుడుతుంది. విద్యార్థులు మొదట మనుషుల మీద చెయ్యి వేయరు, బియ్యం నింపిన చిన్న సంచి మీద సాధన చేస్తారు. బొటనవేలి కొసను ఒకే చోట ఆనించి, భుజాన్నీ మోచేతినీ వదులుగా ఉంచి, మణికట్టు ఊపుతో నిమిషానికి 120 నుంచి 160 సార్లు ఒత్తిడి ఇవ్వాలి. వేలు జారకూడదు, వేగం మారకూడదు. షాంఘై సంప్రదాయంలో బాగా పేరున్న ఈ పద్ధతిని ఒంటివేలి ధ్యాన పద్ధతి అంటారు. అదే సంప్రదాయంలో పెరిగిన డింగ్ జీఫెంగ్ అనే వైద్యుడు 1940ల్లో ఇంకో పద్ధతి తయారుచేశారు. అరచేతి వెనకవైపును, చిటికెనవేలి అంచు నుంచి, చపాతీ కర్ర దొర్లించినట్టు నడుం మీద, తొడ మీద దొర్లిస్తారు. బొటనవేలి ఒత్తిడి చిన్న చిన్న చోట్లకు పనికొస్తుంది, ఇది పెద్ద కండరాలకు. ఇవి కాక కండను పట్టి పైకెత్తడం, రుద్దడం, తట్టడం, కీళ్లు ఊపడం, సాగదీయడం ఉంటాయి. కొన్నిసార్లు చివర్లో "బాన్" అనే పని చేస్తారు. కీలును ఒక్క ఊపుతో తిప్పి టక్కుమనిపించడం అన్నమాట. ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఇందులోనే కాబట్టి దాని గురించి తర్వాత విడిగా చెప్తాను.

సిద్ధాంతం మాటకొస్తే, ఒంట్లో "చీ" అనే ప్రాణశక్తి కొన్ని దారుల్లో పారుతుంటుందని, అది ఎక్కడ ఆగితే అక్కడ నొప్పి పుడుతుందని వాళ్ల వైద్యం చెబుతుంది. శరీరాన్ని కోసి చూసినవాళ్లకు ఆ దారులు కనబడలేదు. కానీ బిగుసుకుపోయిన కండరం వదులవుతుంది, మనసులో టెన్షన్ తగ్గుతుంది, నొప్పి కాసేపైనా మందగిస్తుంది. ఈ లాభం అందడానికి "చీ"ని నమ్మాల్సిన పని లేదు. అయితే కిడ్నీలో రాళ్లు, షుగర్, థైరాయిడ్ మర్దనతో పోతాయని ఎవరైనా చెబితే మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

నడుం నొప్పికి మసాజ్ మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ అనే పరిశోధన సంస్థ సమీక్ష 2015లో వచ్చింది. కొద్ది కాలం ఉపశమనం కనబడుతోంది, అది ఎక్కువ కాలం నిలుస్తుందనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు, ఉన్న ఆధారాల నాణ్యత కూడా తక్కువే అని అది తేల్చింది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో, కొత్తగా వచ్చిన నడుం నొప్పికి మందుల కంటే ముందు చూడదగ్గ వాటిలో వేడి కాపడం, మసాజ్, ఆక్యుపంక్చర్‌లను చేర్చింది. ఇలాంటి నొప్పి చాలామందికి ఏమీ చేయకపోయినా కొన్నాళ్లకు తగ్గుతుందని కూడా చెప్పింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లో, మసాజ్ చేయించుకుంటే వ్యాయామంతో కలిపే చేయించుకోవాలి, అదొక్కటే సరిపోదు అంది. ఈ మూడూ చదివాక నాకు అర్థమైంది ఏమిటంటే, మర్దనతో నొప్పి తగ్గిన ఆ కొద్ది రోజుల్లో మీరు నడక, వ్యాయామం మొదలుపెడితే లాభం నిలబడుతుంది. మంచం మీదే ఉండిపోతే మళ్లీ మొదటికే వస్తుంది.

ఆసుపత్రా, చూపు లేనివారి కేంద్రమా, పాదాల దుకాణమా?

నొప్పి మొదటిసారి వచ్చినా, కాలిలోకో చేతిలోకో పాకుతున్నా, వయసు యాభై దాటినా ఆసుపత్రికే వెళ్లండి. చైనాలో సంప్రదాయ వైద్య ఆసుపత్రులు దాదాపు ప్రతి పెద్ద ఊళ్లోనూ ఉంటాయి, వాటిలో ట్వేనా విభాగం ఉంటుంది. ముందు పేరు రాయించుకుని చీటీ తీసుకోవాలి. డాక్టర్ ప్రశ్నలడుగుతారు, వెన్ను వెంట వేళ్లతో నొక్కి చూస్తారు, పడుకోబెట్టి కాలు పైకెత్తించి నరం మీద ఒత్తిడి ఉందా చూస్తారు, అనుమానం ఉంటే ఎక్స్‌రేకో ఎంఆర్‌ఐకో రాస్తారు. అదే భవనంలో ఎక్స్‌రే గది, ఎముకల డాక్టర్ ఉండటం పెద్ద ధీమా. మర్దన చేసేటప్పుడు బట్టలు విప్పాల్సిన పని లేదు. పైన ఒక నూలు గుడ్డ పరిచి దాని మీద నుంచే చేస్తారు, నూనె సాధారణంగా వాడరు. ఇది తెలియక మన ఆడవాళ్లు కొందరు వెనకాడతారు. ఒక్కో సిట్టింగ్ ఇరవై నిమిషాలో అరగంటో ఉంటుంది, తరచుగా పది సిట్టింగులు ఒక కోర్సుగా రాస్తారు. హాయిగా నిద్రపుచ్చే మసాజ్ కావాలనుకుని వెళ్తే మాత్రం నిరాశపడతారు. గదిలో నాలుగైదు మంచాలుంటాయి, పక్కన ఇంకొకరు మూలుగుతుంటారు, డాక్టర్ చెయ్యి గట్టిగా పడుతుంది. ఆ చోటు ఉన్నది వైద్యానికి, విలాసానికి కాదు.

చూపు లేనివాళ్ల మసాజ్ కేంద్రాలకు చైనాలో గౌరవమైన చరిత్ర ఉంది. చూపు లేనివారికి ఇదొక జీవనోపాధి కావాలని 1950ల నుంచే ప్రభుత్వం శిక్షణ మొదలుపెట్టింది. 1958లో మొదలైన బీజింగ్ మసాజ్ ఆసుపత్రిలో ఇప్పటికీ చూపు లేని డాక్టర్లు చాలామంది పనిచేస్తున్నారు. వైద్య మర్దన చేసే చూపు లేనివారికి 2009లో ప్రత్యేక నిబంధనలు, పరీక్ష వచ్చాయి. అయితే వీధిలో కనిపించే కేంద్రాల్లో అందరూ ఆ వైద్య పరీక్ష పాసైనవాళ్లు కారు, చాలామందిది ఆరోగ్య మర్దన శిక్షణ మాత్రమే. రెండిటికీ అక్కడ చట్టంలోనే తేడా ఉంది. వైద్య సంస్థ కాని మసాజ్ కేంద్రం ఫలానా జబ్బు నయం చేస్తామని ప్రకటించుకోకూడదు. అలా ప్రకటించుకునే బోర్డు కనబడితే మీకు అదే హెచ్చరిక.

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని భుజాలు బిగుసుకుపోయినవాళ్లకు, ప్రయాణం చేసి వీపు అలిసిపోయినవాళ్లకు, ఇంకే జబ్బూ లేనివాళ్లకు నేను ముందు చెప్పేది ఈ కేంద్రాల గురించే. కండరంలో ముడి ఎక్కడుందో వేళ్లతోనే కనిపెట్టే ఓపిక అక్కడ దొరుకుతుంది, ఖర్చు అందుబాటులో ఉంటుంది, పని నిజాయితీగా ఉంటుంది. మీ డబ్బు ఒక కుటుంబానికి ఆసరా అవుతుందన్నది కూడా నాకు చిన్న విషయం కాదు.

పాదాల మసాజ్ దుకాణాల గోడల మీద ఒక పటం ఉంటుంది. పాదంలో ఈ చోట గుండె, ఈ చోట కాలేయం, ఈ చోట కళ్లు అని. వేల ఏళ్ల నాటి చైనా విద్య అని చెబుతారు. పాదాలు ఒత్తించుకోవడం పాతదే కావచ్చు, ఆ పటం మాత్రం అంత పాతది కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో విలియం ఫిట్జ్‌జెరాల్డ్ అనే డాక్టర్ శరీరాన్ని నిలువు పట్టీలుగా విడగొట్టి ఒక సిద్ధాంతం చెప్పాడు. 1930ల్లో యూనిస్ ఇంగమ్ అనే ఆవిడ దాన్ని పాదాల మీదికి తెచ్చి పటం గీసింది. అది యూరప్ మీదుగా తైవాన్ చేరింది. అక్కడ జోసెఫ్ యూగ్‌స్టర్ అనే స్విట్జర్లాండ్ క్రైస్తవ మతగురువు తన మోకాళ్ల నొప్పికి దాన్ని ప్రయత్నించి, 1970ల చివర్లో ఊరూరా ప్రచారంలోకి తెచ్చాడు. పాదంలో ఒక చోట నొక్కితే కాలేయం బాగుపడుతుందనడానికి నమ్మదగిన రుజువు లేదు. కానీ అలసిన కాళ్లకు, నిద్ర పట్టక ఇబ్బంది పడేవాళ్లకు అదొక హాయి. ఆ హాయి కోసమే వెళ్లండి.

షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ఈ దుకాణంలో కాలు పెట్టే ముందు ఆలోచించాలి. మసాజ్‌కి ముందు చెక్క తొట్టిలో వేడినీళ్లు పోసి పాదాలు పెట్టమంటారు. షుగర్ వల్ల అరికాళ్లు మొద్దుబారినవాళ్లకు నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో తెలియదు. కాలి బొబ్బలెక్కాక చూసుకుంటారు. ఆ పుండు మానక వేలు తీసేసే దాకా వెళ్లిన కేసులు డాక్టర్లు చూస్తూనే ఉన్నారు. నీళ్లలో ముందు ఇంకొకరి చెయ్యి పెట్టించి చూడాలి, ఆనెకాయలు కోయించుకోకూడదు, పాదం మీద చిన్న పుండున్నా ఆ రోజుకి వద్దనుకోవాలి.

గుర్తులు మిగిల్చే రెండు పద్ధతులు

2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైఖేల్ ఫెల్ప్స్ భుజాల మీద గుండ్రటి ఎర్రటి మచ్చలు చూసి ప్రపంచమంతా కప్పింగ్ గురించి వెతికింది. స్పిరిట్‌లో ముంచిన దూది వెలిగించి గాజు కప్పులోకి ఒక్క క్షణం పోనిచ్చి తీసి, వెంటనే కప్పును వీపు మీద బోర్లిస్తారు. లోపలి గాలి చల్లారే కొద్దీ చర్మాన్ని పైకి పీలుస్తుంది. మసాజ్ కండను కిందికి నొక్కితే కప్పింగ్ పైకి లాగుతుంది. వీపు బిగుతుకు కొందరికి సుఖంగా ఉంటుంది. మచ్చ నల్లగా వస్తే ఒంట్లో విషం ఎక్కువగా ఉందని చెబుతారు, అది నమ్మకండి. చర్మం కింద సన్నటి రక్తనాళాలు చిట్లి రక్తం బయటికి వచ్చిన గుర్తు అది. వారం పది రోజుల్లో పోతుంది.

గువాషాలో చర్మం మీద నూనె రాసి, దున్నపోతు కొమ్ముతోనో పచ్చరాయితోనో చేసిన నున్నటి పలకతో ఎర్రటి చుక్కలు పొడిచేదాకా గీరుతారు. మెడ వెనక, భుజాల మధ్య ఎక్కువగా చేస్తారు. ఆ ఎరుపు కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ముఖం మీద మెల్లగా రుద్దుకుంటూ కనబడే గువాషా అందం కోసం చేసేది, దానికీ దీనికీ పలక ఒక్కటే పోలిక. పిల్లలకు మాత్రం గీరించవద్దు. ఇలాంటి గుర్తులు చూసి పిల్లల్ని కొట్టారేమో అని డాక్టర్లు అనుమానించిన సందర్భాలు అమెరికాలో నమోదయ్యాయి. విదేశంలో బడికి వెళ్లే పిల్లలున్న ఇళ్లలో అదొక కొత్త తలనొప్పి అవుతుంది.

ఈ రెండిట్లో ఏది అంటే, ఒకే చోట లోతుగా బిగుసుకుపోతే కప్పింగ్, మెడ నుంచి భుజం దాకా పరుచుకున్న బిగుతుకు గువాషా అని అక్కడివాళ్లు చెబుతారు. రెండూ ట్వేనాకి తోడుగా చేసేవే తప్ప దాని బదులు చేసేవి కావని నా అభిప్రాయం. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు రెండూ వద్దు. చర్మానికి గాట్లు పెట్టి రక్తం తీసే కప్పింగ్‌ను వీధి దుకాణంలో ఎప్పుడూ ఒప్పుకోవద్దు. హెపటైటిస్-బి లాంటివి ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది అలాంటి చోటే.

ఎముకలు సరిచేయడం, మెడ విరవడం

మనకు పుత్తూరు కట్టు ఎలాగో చైనావాళ్లకు హెనాన్ రాష్ట్రంలో లుయోయాంగ్ దగ్గరి పింగ్‌లె గ్రామం గువో కుటుంబం అలాగ. తరతరాలుగా విరిగిన ఎముకలు కూర్చి కట్టు కట్టిన ఇల్లు అది. 1950ల్లో ఆ ఇంటి కోడలు గావ్ యున్‌ఫెంగ్ కుటుంబ రహస్యాన్ని బయటివాళ్లకు నేర్పడానికి ముందుకు రావడంతో అది ఆసుపత్రిగా, చదువుగా మారింది. ఇప్పుడు అక్కడ కూడా ఎక్స్‌రే చూశాకే చెయ్యి వేస్తారు. ఎముక విరిగినా, బెణికినా, కీలు జారినా ఎక్స్‌రే ముందు, చెయ్యి తర్వాత. దెబ్బ తగిలిన చోట వాపు ఉండగానే మసాజ్ చేయించడం మన ఇళ్లలోనూ ఉన్న అలవాటు. పైకి కనబడకుండా విరిగిన ఎముక అలాగే పక్కకు జరిగిపోతుంది.

మెడను ఒక్కసారి తిప్పి విరవడం గురించి నేను మొహమాటం లేకుండా చెప్తాను, వద్దు. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనుల్లో రెండు మెడ ఎముకల రంధ్రాల్లోంచే పైకి వెళ్తాయి. హఠాత్తుగా తిప్పినప్పుడు వాటి లోపలి పొర చిరిగి, గడ్డ కట్టి స్ట్రోక్ రావడం అరుదే కానీ జరుగుతుంది. కుర్రవాళ్లకు కూడా జరుగుతుంది. 2022లో హైదరాబాద్‌లో బ్యూటీ పార్లర్‌లో మెడ వెనక్కి వంచి జుట్టు కడిగించుకున్న ఒక మహిళకు స్ట్రోక్ వచ్చిన సంగతి పేపర్లలో చదివే ఉంటారు. మన ఊళ్లలో క్షవరం అయ్యాక మెడ పట్టి అటూ ఇటూ విరవడం కూడా ఈ కోవలోదే. మెడ నొప్పి తగ్గడానికి ఆ శబ్దం అవసరం లేదు. చుట్టూ కండరాలను మెల్లగా వదులు చేసి, వేడి పెట్టి, చిన్న చిన్న వ్యాయామాలు చేయించినా తగ్గుతుంది. మంచి ట్వేనా డాక్టర్ మీరు వద్దంటే మెడ విరవరు. వద్దన్నా వినకపోతే ఆయన మంచి డాక్టర్ కాదు.

పిల్లల ట్వేనా

మన దగ్గర పసిపిల్లలకు నూనె రాసి, కాళ్లు చేతులు సాగదీసి నీళ్లు పోయడం ఉంది. చైనాలో పిల్లల ట్వేనాకి అంతకంటే వివరమైన పద్ధతి ఉంది. ఎక్కువగా ఆరేళ్ల లోపు పిల్లలకు చేస్తారు. పెద్దల్లా గట్టిగా నొక్కరు, టాల్కం పొడి వేసి వేళ్లతో తేలిగ్గా, వేగంగా రుద్దుతారు. అరచేతిలో, వేళ్ల మీద, ముంజేతి లోపలివైపు చాలా చోట్లుంటాయి. వీటిలో తల్లిదండ్రులు సులువుగా నేర్చుకోగలిగినవి రెండు. ఒకటి, బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిశలో అరచేత్తో మెల్లగా రుద్దడం. మలబద్ధకం, గ్యాస్ ఉన్న పిల్లలకు హాయిగా ఉంటుంది. రెండోది వెన్ను గిల్లడం. తోకఎముక దగ్గర చర్మాన్ని రెండు చేతుల వేళ్లతో పట్టి, దొర్లించుకుంటూ మెడ దాకా తీసుకెళ్తారు. ఆకలి లేని పిల్లలకు ఇది చేస్తే తిండి తింటారని చైనా అమ్మల నమ్మకం. ఖాళీ కడుపుతో, ఉదయం పూట చేస్తారు.

ఇవి ముద్దు చేస్తూ చేసుకునే పనులుగా చాలా మంచివి. జ్వరానికి ముంజేతిని రుద్దే పద్ధతి కూడా ఒకటుంది, దాని మీద మాత్రం ఆధారపడకండి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరమొస్తే ఏ మర్దనా ఆలోచించకుండా డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. విరేచనాలైతే ముందు ఓఆర్‌ఎస్.

మీ బాధను బట్టి

పొద్దున లేచేసరికి మెడ ఒక పక్కకు పట్టేస్తే వేడి కాపడం, మెల్లటి ట్వేనా రెండూ పనిచేస్తాయి, ఏమీ చేయకపోయినా చాలావరకు కొద్ది రోజుల్లో వదిలేస్తుంది. భుజం పట్టేసి చెయ్యి పైకి లేవని బాధను చైనావాళ్లు యాభై ఏళ్ల భుజం అంటారు. షుగర్ ఉన్నవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుంది కాబట్టి మన ఇళ్లలో బాగా కనబడుతుంది. రాత్రిళ్లు నిద్ర పట్టనంత నొప్పి ఉన్న దశలో గట్టిగా లాగించుకుంటే మంట పెరుగుతుంది. నొప్పి సద్దుమణిగి బిగుతు మిగిలాక ఆసుపత్రి ట్వేనా, దానికి తోడు రోజూ గోడ మీద వేళ్లు పాకించే వ్యాయామం మేలు. మోకాళ్ల అరుగుదలకు తొడ కండరాలు గట్టిపడే వ్యాయామం, బరువు తగ్గడం ముందు, మర్దన వాటి తర్వాత. డిస్క్ జారి కాలిలోకి నొప్పి దిగితే వీధి మసాజ్ వద్దు, వీపు మీద కాళ్లతో తొక్కడం అసలే వద్దు.

కడుపులో తిప్పడం, బస్సులో వాంతులు ఉన్నవాళ్లకు ఎవరి దగ్గరికీ వెళ్లక్కర్లేని ఉపాయం ఒకటుంది. మణికట్టు మడత నుంచి మూడు వేళ్ల వెడల్పు పైన, ముంజేతి లోపలివైపు రెండు స్నాయువుల మధ్య చోటును వాళ్లు నైగువాన్ అంటారు. ఆపరేషన్ తర్వాత వచ్చే వాంతులు అక్కడ నొక్కితే తగ్గుతాయని కాక్రేన్ సమీక్షలో కూడా తేలింది. ప్రయాణంలో ప్రయత్నిస్తే పోయేదేమీ లేదు.

కొన్నిటికి మాత్రం ఏ పద్ధతీ వద్దు. మలమూత్రాలు ఆగకపోవడం, తొడల మధ్య మొద్దుబారడం, కాలు బలం తగ్గడం ఉంటే అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్లాలి. నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వెన్నులో టీబీయో, గడ్డో ఉందేమో ముందు చూపించుకోవాలి. వెన్ను టీబీ మన దేశంలో అరుదేం కాదు. ఎముకలు బోలుగా మారిన ముసలివాళ్లకు గట్టి ఒత్తిడి ప్రమాదం. గర్భిణులకు పొట్ట, నడుం కింద భాగం ముట్టుకోకూడదు. హైదరాబాద్ నుంచి గంటల తరబడి విమానంలో కూర్చుని వచ్చిన పెద్దవాళ్లకు ఒకే కాలి పిక్క వాచి నొప్పి పెడుతుంటే అది అలసట అనుకుని ఒత్తించకండి. లోపలి సిరలో గడ్డ కట్టి ఉండొచ్చు, ఒత్తితే అది కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు. ఘాటు వాసన వచ్చే వింటర్‌గ్రీన్ నూనెలు, లేపనాలు కూడా వార్ఫరిన్ అనే రక్తం పలచబడే మందు వాడేవాళ్లకు మంచివి కావు.

మన ఊళ్లో ఉన్నవాళ్లకు

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో "చైనీస్ మసాజ్" అని బోర్డు కనబడినా లోపల చేసేది ట్వేనా అని అనుకోవద్దు. మన దేశంలో ట్వేనా చేసేవాళ్లకు విడిగా లైసెన్స్ ఇచ్చే వ్యవస్థ లేదు కాబట్టి వాళ్ల చదువును సరిచూసుకునే దారి మనకు లేదు. ఇక్కడ నడుం, మెడ, భుజం నొప్పికి నా ఓటు ఫిజియోథెరపిస్ట్‌కే. డిగ్రీ ఉంటుంది, పరీక్ష చేస్తారు, చేత్తో చేయాల్సింది చేసి ఇంట్లో చేయాల్సిన వ్యాయామం కూడా నేర్పుతారు. కరెంటు పెట్టె తగిలించి పావుగంట తర్వాత పంపించేసే చోటు అయితే ఇంకొకరిని వెతుక్కోండి. చైనాలో మంచి ట్వేనా రుచి చూసి వచ్చినవాళ్లకు ఫిజియో చప్పగా అనిపిస్తుంది, ఆ మాట నిజమే. ఒళ్లు తేలికపడే సుఖంలో ట్వేనాదే పైచెయ్యి. నొప్పి మళ్లీ రాకుండా ఉండటంలో వ్యాయామానిదే.

ఎక్కడ చేయించుకున్నా, మూడు నాలుగు సిట్టింగులకు ఏ మార్పూ లేకపోతే మిగిలిన కోర్సుకు డబ్బు కట్టకుండా మళ్లీ పరీక్ష చేయమని అడగండి. మర్దన జరుగుతున్నప్పుడు పుండులా లాగే నొప్పి, బరువుగా నిండినట్టు ఉండటం సహజమే, వాళ్లు కోరుకునేది కూడా అదే. కరెంటు షాక్‌లా కిందికి జిల్లుమంటే, తిమ్మిరెక్కితే ఆపమని చెప్పాలి. తిన్న వెంటనే వెళ్లకూడదు, అయ్యాక కాసేపు కూర్చుని లేవాలి.

చైనాలో ఉన్నవాళ్లు ఈ మాటలు ఫోన్‌లో పెట్టుకుని మంచం ఎక్కే ముందే చెప్పండి. నొప్పిగా ఉంది అనడానికి "థెంగ్". మెల్లగా చేయండి అనడానికి "ఛింగ్ యీ ద్యెన్". మెడ విరవొద్దు అనడానికి "బూ యావ్ బాన్ బోజ". షుగర్‌కి "థాంగ్‌న్యావ్‌బింగ్", బీపీకి "గావ్‌ష్వేయా", గర్భంతో ఉంటే "హ్వాయ్‌యూన్". ఉచ్చారణ అర్థం కాకపోతే అనువాద యాప్‌లో చైనా అక్షరాల్లో చూపించండి. గుండెకు స్టెంట్ వేయించుకున్నా, రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నా ఆ మందుల చీటీ కూడా పక్కనే పెట్టి చూపించండి.